నాన్నగారిని రేవాడి ఆవిరి ఇంజన్ల షెడ్డుకు తీసుకెళ్లాను

మహేంద్రతనయ ఒడ్డున | పర్లాకిమిడి

అందరికీ నమస్కారం. నౌపడ–గుణుపురం చిన్న రైలు బొగ్గు మీద నడిచిన రోజుల్లో మా నాన్నగారు ఆ లైనులో ఫైర్‌మ్యాన్, అంటే ఇంజనులో బొగ్గు వేసి నిప్పు చూసుకునే మనిషి. క్లీనరుగా చేరారు. కొన్నేళ్లపాటు నూనె గుడ్డతో చక్రాలు, కడ్డీలు తుడిచాక పార చేతికొచ్చింది. డీజిల్ వచ్చాక అసిస్టెంటుగా మారారు. లైను మూతపడ్డాక వేరే ఊరికి బదిలీ అయి అక్కడే పదవీ విరమణ చేశారు. ఇప్పుడు ఆయనకు 72 ఏళ్లు.

పోయిన చలికాలంలో ఒక రాత్రి భోజనాల దగ్గర, "నిప్పు మీదున్న ఇంజను మళ్లీ ఒక్కసారి చూడాలని ఉందిరా" అన్నారు. పార్కుల్లో రంగులు వేసి నిలబెట్టిన ఇంజన్లు ఆయన చాలా చూశారు. వాటి దగ్గర రెండు నిమిషాల కంటే ఎక్కువ నిలబడరు. అందుకే హర్యానాలోని రేవాడి షెడ్డుకు తీసుకెళ్లాను. 1893 నాటి షెడ్డు అది. ఇప్పుడు రైల్వే వారసత్వ ప్రదర్శనశాల. అక్కడి ఇంజన్లలో కొన్నింటిని ఇప్పటికీ రాజేస్తారు, నడుపుతారు.

గుణుపురం మీదుగా బస్సులో రాయగడ చేరి సమతా ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. నిజాముద్దీన్‌లో దిగి, ఒక పూట విశ్రాంతి తీసుకుని, మర్నాడు ఉదయం రేవాడి బయలుదేరాం. దిల్లీ నుంచి సుమారు 80 కిలోమీటర్లు. ఏ రోజు ఇంజను రాజేస్తారో ముందే ఫోన్ చేసి కనుక్కున్నాను. ఈ ఒక్క పని చేయకపోతే అంత దూరం వెళ్లి చల్లారిన ఇనుమును చూసి రావలసి వస్తుంది.

మేం వెళ్లిన రోజు నిప్పు మీద ఉన్నది 'అక్బర్'. డబ్ల్యూపీ 7161, చిత్తరంజన్‌లో 1965లో తయారైనది. డబ్ల్యూ అంటే బ్రాడ్‌గేజ్ (వెడల్పు పట్టాల లైను), పీ అంటే ప్యాసింజర్. ముక్కు తూటాలా గుండ్రంగా ఉంటుంది, దాని మీద నక్షత్రం. జనమంతా అక్కడ నిలబడి ఫొటోలు తీసుకుంటున్నారు. నాన్నగారు అటు చూడనే లేదు. నేరుగా వెనక్కి నడిచి, పట్టాల కింద బూడిద రాల్చే గుంట దగ్గర వంగి, పడి ఉన్న బూడిదను వేళ్ల మధ్య నలిపి చూశారు. "బాగా కాలింది. పిల్లలకు పని తెలుసు" అన్నారు. అక్కడి పనివాళ్లలో ఒకాయన అది గమనించి, హిందీలో "మీరు ఏ షెడ్డు?" అని అడిగారు. నాన్నగారికి హిందీ అంతంత మాత్రమే. "నౌపడ. న్యారోగేజ్. ఫైర్‌మ్యాన్" అని మూడు మాటలు చెప్పారు. అవి చాలాయి. వెంటనే చేయి అందించి, ఇంజను నడిపేవాళ్లు నిలబడే క్యాబులోకి ఎక్కించుకున్నారు.

నేను కింద నిలబడి చూస్తున్నాను. ఎక్కగానే ఆయన చూపు నిప్పు మీదికి పోలేదు. నీళ్ల మట్టం చూపించే గాజు గొట్టం మీద ఆగింది. అందులో నీళ్లు సన్నగా కదులుతున్నాయి. ఆ కదలిక ఆగి ఉంటే గొట్టం పూడుకుపోయిందని అనుమానించాలట. తర్వాత ఆవిరి ఒత్తిడి ముల్లు చూశారు. నిప్పు తలుపు తెరిపించి లోపలికి చూసింది ఆ తర్వాతే. ఆ వెలుగు ముఖం మీద పడినప్పుడు ఆయన కళ్లు చిట్లించిన తీరు, నా చిన్నప్పుడు అర్ధరాత్రి ఇంటికొచ్చి కిరసనాయిలు దీపం ముందు కూర్చున్నప్పటి తీరు ఒకటే.

యార్డులో కొంత దూరం ముందుకు, కొంత దూరం వెనక్కి నడిపారు. నాన్నగారు కిందికి దిగి నా పక్కన నిలబడి పెదవులు కదుపుతున్నారు. ఏమిటని అడిగితే, "లెక్కపెడుతున్నా. చక్రం ఒక్కసారి తిరిగితే నాలుగు దెబ్బలు వినబడాలి. నాలుగూ సమంగా ఉన్నాయి" అన్నారు. రెండు సిలిండర్లు, ఒక్కొక్క దానిలో ముందు నుంచి ఒకసారి, వెనక నుంచి ఒకసారి ఆవిరి తోస్తుంది. వాడిన ఆవిరి గొట్టంలోంచి పైకి పోయిన ప్రతిసారీ ఒక 'ఛుక్' శబ్దం. ఇన్నేళ్లుగా పిల్లలకు రైలాట ఆడించాం. ఆ 'ఛుక్ ఛుక్'లో ఒక లెక్క ఉందని నాకు ఆ రోజే తెలిసింది.

ఎవరికైనా వివరాలు కావాలంటే అడగండి.

---

రాయగడ జంక్షను | రాయగడ

కళ్లకు కట్టినట్టు రాశారండీ. పెద్దాయనకు నా నమస్కారాలు చెప్పండి.

చిన్నవాళ్ల కోసం ఆ లైను సంగతి కొంచెం చెబుతాను. పర్లాకిమిడి రాజావారు గౌరచంద్ర గజపతి తన రాజధానిని మద్రాసు–కలకత్తా పెద్ద లైనుతో కలపాలనుకున్నారు. సుమారు 25 మైళ్ల దూరం, ఖర్చు 7 లక్షల రూపాయలు. 1900లో బండి తిరిగింది. పట్టాల మధ్య వెడల్పు రెండున్నర అడుగులు, అంటే 762 మిల్లీమీటర్లు. మొదట్లో నష్టాలే వచ్చాయి. పాతికేళ్లకు ఆదాయం పుంజుకున్నాక గుణుపురం దాకా పొడిగించారు. అది 1931కి పూర్తయింది. మొత్తం సుమారు 90 కిలోమీటర్లు. నౌపడ, టెక్కలి, పాతపట్నం ఆంధ్రలో. పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం ఒడిశాలో. బండి కదిలేది నెమ్మదిగానే అయినా, 1936లో రాష్ట్రాల మధ్య గీత పడ్డ తర్వాత రెండు వైపుల చుట్టాలను కలిపి ఉంచింది అదే. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరికి, సవరల సంతలకు, వంశధార వరి పొలాలకు అదొక్కటే పొగబండి.

2004 జూన్‌లో గేజు మార్పిడి కోసం ఆపేశారు. పర్లాకిమిడి దాకా 2010లో, గుణుపురం దాకా 2011లో బ్రాడ్‌గేజ్ వచ్చింది. ఇప్పుడు సౌకర్యం ఎక్కువే. కాదనను. కానీ ఆ చిన్న ఇంజను మళ్లీ మన దగ్గర కూత పెట్టే అవకాశం మాత్రం పోయింది. అందుకే రేవాడి దాకా వెళ్లవలసి వచ్చింది మీరు.

---

బరంపురం టీచరు | బరంపురం

మా బడిలో ఎనిమిదో తరగతి పిల్లలకు ఆవిరి యంత్రం పాఠం ఉంది. బొమ్మ గీయిస్తాం, భాగాల పేర్లు చదివిస్తాం. అంతకు మించి ఏమీ చేయలేకపోతున్నాం. ఇంట్లో మా పిల్లలను, వీలైతే ఆరుగురు విద్యార్థులను కూడా తీసుకెళ్లాలని ఉంది. పిల్లలకు ప్రమాదం ఉంటుందా? ఎంత సేపు పడుతుంది? మీ నాన్నగారిని నేను బాబాయి గారు అంటాను, ఏమీ అనుకోకండి. పిల్లలకు ముందుగా ఏం చెప్పి తీసుకెళ్లమంటారో ఆయన్ను అడిగి చెప్పగలరా?

---

మహేంద్రతనయ ఒడ్డున | పర్లాకిమిడి

టీచరుగారూ, నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకునే రాస్తున్నాను.

మొదటి మాట: తెల్లవారగానే వెళ్లండి. చల్లారిన పెద్ద ఇంజను నడిచే స్థితికి రావాలంటే గంటలు పడుతుంది. తొందరపడి మంట పెంచితే బాయిలర్ లోపలి ఇనుము ఒకచోట ఎక్కువగా, ఒకచోట తక్కువగా సాగి అతుకులు కారతాయి. అందుకే నిదానంగా వేడి చేస్తారు. ఒత్తిడి ముల్లు కొంచెం కొంచెంగా పైకి లేవడం పిల్లలు చూడాలి. ఇంజను కదిలేది పది నిమిషాలే. దాని వెనకున్న ఆరేడు గంటలే అసలు పాఠం అంటున్నారు నాన్నగారు.

నూలు బట్టలు వేయండి. కళ్లజోడు ఉంటే మంచిది, బొగ్గు నలుసు కంట్లో పడితే నులమకుండా నీళ్లతో కడగాలి. కూత వేసే ముందు చెవులు మూసుకోమనండి. గొట్టాలను తాకనివ్వకండి. చల్లగా కనబడేది కూడా కాలుతుంది. ఆయన ఎడమ మోచేతి మీద అలాంటి మచ్చ ఒకటి ఇప్పటికీ ఉంది.

దిల్లీలో ఒక రోజు ఉంటే చాణక్యపురిలోని జాతీయ రైలు ప్రదర్శనశాలకు కూడా తీసుకెళ్లండి. 1977లో తెరిచారు. సోమవారం సెలవు. అక్కడి పటియాలా మోనోరైలు పిల్లలు మరిచిపోరు. 1907 నాటిది. చిన్న చక్రాలు ఒకే పట్టా మీద నడుస్తాయి, పక్కకు ఒరగకుండా ఒక పెద్ద చక్రం నేల మీద దొర్లుతుంది.

రేవాడిలో ఉన్న వాటిలో 'ఫెయిరీ క్వీన్' దగ్గర కొంచెం ఎక్కువ సేపు ఆగండి. ఇంగ్లండులోని లీడ్స్‌లో 1855లో తయారైంది. మన దేశంలో మొదటి ప్రయాణికుల రైలు బొంబాయి నుంచి ఠాణాకు నడిచి అప్పటికి రెండేళ్లే. దానికీ 'అక్బర్'కూ మధ్య 110 ఏళ్లు. చిన్నదాన్ని చూసి పెద్దదాన్ని చూస్తే, మధ్యలో మనుషులు ఎన్ని నేర్చుకున్నారో పిల్లలకు వేరే చెప్పనవసరం లేదు.

---

లెక్కల మనిషి | జయపురం, కొరాపుట్ జిల్లా

మీ నాన్నగారి కోరిక తీర్చారు, సంతోషం. కానీ ఒక విషయం సూటిగా అడుగుతాను. యార్డులో వంద గజాలు నడిచే ఇంజను కోసం అంత దూరం ఎందుకు? మనకు ఊటీ వెళ్లే నీలగిరి కొండ రైలు ఉంది. మేట్టుపాళయం నుంచి కూనూరు దాకా ఆవిరి ఇంజనే. అది ప్రదర్శన కోసం కదిలేది కాదు. టికెట్టు కొన్న ప్రయాణికులను 12 అడుగులకు ఒక అడుగు ఎత్తు చొప్పున కొండ ఎక్కించే రైలు. మధ్యలో పళ్ల పట్టా ఉంటుంది, ఇంజను కింది పళ్ల చక్రం దాన్ని పట్టుకుని ఎక్కుతుంది. నాలుగు సిలిండర్లు. రెండు మామూలు చక్రాలను తిప్పుతాయి, వాటిలో వాడిన ఆవిరినే మిగతా రెండు తీసుకుని పళ్ల చక్రాన్ని తిప్పుతాయి. ఒకే ఆవిరితో రెండు పనులు. ఇంజను ముందు ఉండి లాగదు, వెనక ఉండి తోస్తుంది. పెట్టెలు తెగి కిందికి జారకుండా ఆ ఏర్పాటు.

మన రాయగడ మీదుగా వెళ్లే బొకారో ఎక్స్‌ప్రెస్ ఎక్కితే కోయంబత్తూరులో దిగవచ్చు. అక్కడి నుంచి మేట్టుపాళయం దగ్గరే. డబ్బు, ఓపిక రెండూ కలిసొస్తాయి. ప్రదర్శన కోసం బొగ్గు తగలబెట్టడం నాకు ఎప్పుడూ నచ్చదు. రైలు అంటే ఎక్కడికో చేర్చాలి.

---

రాయగడ జంక్షను | రాయగడ

లెక్కల మనిషి గారు చెప్పినది నిజం. నీలగిరి రైలు నేనూ ఎక్కాను. హిల్‌గ్రోవ్‌లో నీళ్లు పట్టుకోవడానికి ఆగినప్పుడు దిగి ఇంజను దగ్గర నిలబడటం గొప్ప అనుభవం. అయితే అక్కడి ఇంజన్లు కొన్నింటిని నూనెతో మండేలా మార్చారు. పారతో బొగ్గు వేసే పని చూడాలంటే అన్నిసార్లూ కుదరదు. డార్జిలింగ్‌లో అయితే బొగ్గు మీద కూర్చుని సుత్తితో పగలగొట్టే మనిషి వేరు, ఇంజను ముందు భాగంలో కూర్చుని పట్టాల మీద ఇసుక చల్లే మనుషులు వేరు. రెండడుగుల పట్టా, 1881 నాటి లైను. చిన్న ఇంజనుకు అంతమంది మనుషులా అనిపిస్తుంది, వాళ్ల పని చూసేదాకా.

---

గనిలో దీపం | చంద్రాపూర్

నేను బొగ్గు గనిలో పని చేసేవాణ్ని. మా తాత కరీంనగర్ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు. ఈ చర్చ మొదటి నుంచి చదువుతున్నాను, బొగ్గు మాట వచ్చింది కాబట్టి ఆగలేకపోయాను.

మా వార్ధా లోయ బొగ్గులో బూడిద పాలు ఎక్కువ. అలాంటిది ఫైర్‌బాక్సులో, అంటే ఇంజనులో నిప్పు మండే అరలో వేస్తే చిట్టెం (కరిగి గడ్డకట్టిన బూడిద) కట్టి జల్లెడ కడ్డీలను మూసేస్తుంది. గాలి కింది నుంచి రాదు, నిప్పు చచ్చిపోతుంది. కొలిమి పని తెలిసినవాళ్లకు చిట్టెం అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. పెద్దాయన బూడిద నలిపి చూశారని చదివి నాకు ఒళ్లు పులకరించింది. బొగ్గు తవ్విన నాకు దాని చివరి రూపం చూసే అవకాశం ఎప్పుడూ రాలేదు.

మా వైపూ న్యారోగేజ్ ఉండేది. గోందియా నుంచి నాగ్‌భీడ్ మీదుగా చాందా ఫోర్ట్ దాకా. 1990ల్లో దాన్ని బ్రాడ్‌గేజ్ చేశారు. నాగ్‌పూర్ ఇత్వారీ నుంచి నాగ్‌భీడ్ దాకా ఉన్న చిన్న లైను మాత్రం 2019 దాకా నడిచింది. దాని చివరి వారాల్లో నేను, నా భార్య కేవలం ఎక్కి దిగడానికి వెళ్లాం. కిటికీ దగ్గర కూర్చున్న ఒక ముసలావిడ ప్రతి స్టేషనులోనూ ఎవరినో ఒకరిని పేరు పెట్టి పలకరించింది. అంత చిన్న బండి, అంత నెమ్మది, కాబట్టే అది సాధ్యమైంది.

సమతాలో వెళ్లేవాళ్లకు ఒక మాట. ఆ బండి నాగ్‌పూర్ మీదుగానే వెళ్తుంది. అక్కడ మోతీబాగ్‌లో న్యారోగేజ్ ప్రదర్శనశాల ఉంది, 2002లో తెరిచారు. పిల్లలను తీసుకెళ్తే ఒక పూట దిగి చూడండి. మన చిన్న రైళ్ల బంధువులు అక్కడున్నాయి.

---

ప్రాణహిత | సిరొంచ, గడ్చిరోలి జిల్లా

మా సిరొంచకు రైలు ఎప్పుడూ రాలేదు. నది దాటి, చెన్నూరు మీదుగా మంచిర్యాల పోతేనే పట్టాలు కనబడేవి. మా అమ్మ తన పెళ్లి అయిన ఏడాది మంచిర్యాలలో మొదటిసారి బొగ్గింజను చూసింది. స్టేషనులోకి వస్తుంటే నేల అదిరి, ఆమె పక్కనున్న స్తంభాన్ని పట్టుకుందట. ఈ రాత్రి మీరు రాసినదంతా ఆమెకు చదివి వినిపించాను. "నాలుగు దెబ్బల లెక్క" దగ్గర ఆపి, మళ్లీ చదవమంది.

రైలు మా ఊరికి రాకపోయినా రైలు మీద ప్రేమ మాకు తక్కువ లేదండీ. అందుకే ఈ చర్చలో కూర్చున్నాను.

---

మహేంద్రతనయ ఒడ్డున | పర్లాకిమిడి

అమ్మగారికి నాన్నగారు నమస్కారం చెప్పమన్నారు. నేల అదరడం నిజమేనట. ప్లాట్‌ఫారం మీద ఉన్నవాళ్లకు అది అరికాళ్లలో తెలిసేదట.

లెక్కల మనిషి గారి ప్రశ్న ఆయనకు చదివి వినిపించాను. చాలాసేపు ఆలోచించి చెప్పారు. ఆయన మాటల్లోనే రాస్తున్నాను:

"ఊటీ రైలు గొప్పదే. అది నడవాలి. కానీ ప్రయాణికుడికి ఇంజను మనిషి కనబడడు. కొండ కనబడుతుంది, అడవి కనబడుతుంది, అది సహజం. నేను చూడాలనుకున్నది మనిషిని. ఇంజను ఇనుము. గాజు గొట్టంలో నీళ్లు చూసి భయపడటం తెలిసినవాడు ఉన్నంత కాలమే అది ఇంజను. ఆ భయం పుస్తకంలో రాదు. వెనక నిలబడి నేర్పినవాడు ఉండాలి."

ఏమిటా భయం అని అడిగాను. ఇది నేను ఎప్పుడూ పూర్తిగా వినలేదు, మీకూ చెబుతాను. ఫైర్‌బాక్సు నెత్తి మీద ఎప్పుడూ నీళ్లు కప్పి ఉండాలి. కింద నిప్పు, పైన నీళ్లు, మధ్యలో ఒక రేకు. నీళ్లు తగ్గి ఆ రేకు బయటపడితే అది ఎర్రగా కాలి మెత్తబడుతుంది. పైనున్న ఒత్తిడికి ఆగదు. అందుకే అందులో సీసపు బిరడా ఒకటి పెడతారు, లెడ్ ప్లగ్ అనేవారట. నీళ్లు తగ్గితే ముందుగా సీసం కరుగుతుంది, ఆ రంధ్రంలోంచి ఆవిరి నిప్పు మీదికి దూకి దాన్ని ఆర్పుతుంది. అంటే ఇంజను తనను తాను కాపాడుకుంటుంది. ఫైర్‌మ్యాన్ ఉద్యోగానికి మాత్రం అది మచ్చ. "నా చేతిలో ఎప్పుడూ కరగలేదు" అన్నారు నాన్నగారు. ఆ మాట అంటున్నప్పుడు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు.

ఎక్కుడు దాటి దిగుడు మొదలయ్యే చోట ఇంకా జాగ్రత్తగా ఉండాలట. ఇంజను ముందుకు వంగితే బాయిలర్‌లో నీళ్లూ ముందుకు పోతాయి, వెనకున్న ఫైర్‌బాక్సు మీద మట్టం తగ్గుతుంది. ఎక్కుడులో ఉండగానే ఇంజెక్టర్ తిప్పి నీళ్లు పెంచుకోవాలి. అప్పుడు పెంచితే ఆవిరి తగ్గుతుంది, బండి ఎక్కదు. పెంచకపోతే అవతల ప్రమాదం. మన నౌపడ లైనులో పెద్ద ఘాట్లు లేవు, అయినా ప్రతి మిట్టా పల్లమూ ఆయనకు ఈ లెక్కతోనే గుర్తుంది. నాకు చెరువులు, చింతచెట్లు గుర్తున్న దారి ఆయనకు నీళ్ల మట్టంతో గుర్తుంది.

---

బరంపురం టీచరు | బరంపురం

ఇది చదివాక మా పాఠం మార్చేస్తున్నాను. ఇంతకాలం ప్రెషర్ కుక్కరుతో పోల్చి చెప్పేదాన్ని. కుక్కరులోనూ నీళ్లు ఇగిరిపోతే సేఫ్టీ వాల్వు కరిగి ఆవిరి వదులుతుంది. అది చెప్పేదాన్ని, కానీ ఇంజనులో అదే ఏర్పాటు ఉందని కలిపి చెప్పలేదు.

లీటరు నీరు ఆవిరైతే మామూలు ఒత్తిడి దగ్గర సుమారు 1,600 లీటర్ల చోటు కావాలి. ఆ చోటు ఇవ్వకుండా బంధిస్తే వచ్చేదే బలం. ఇది పిల్లలకు తేలిగ్గా అర్థమవుతుంది. నిప్పుకు గాలి ఎలా అందుతుంది అన్నది మాత్రం ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అడుగుతారు. కొలిమికి తిత్తి ఉంటుంది, పొయ్యికి గొట్టం ఉంటుంది, ఇంజనుకు విసిరేది ఎవరు? బాబాయి గారిని అడగండి.

---

మహేంద్రతనయ ఒడ్డున | పర్లాకిమిడి

"తన నిప్పును తానే విసురుకుంటుంది" అన్నారు. సిలిండర్లలో వాడిన ఆవిరిని ఊరికే బయటికి వదలరు. ముందున్న పొగగొట్టం కిందికి తెచ్చి పైకి వేగంగా చిమ్మిస్తారు. అది పోతూ పొగను లాక్కుపోతుంది. ఆ ఖాళీలోకి, వెనక ఫైర్‌బాక్సు అడుగు నుంచి కొత్త గాలి వస్తుంది. బరువు ఎక్కువైతే ఆవిరి గట్టిగా చిమ్ముతుంది, గాలి ఎక్కువగా లాగుతుంది, నిప్పు పెరుగుతుంది. పని పెరిగిన కొద్దీ మంట దానంతట అదే పెరిగే ఏర్పాటు.

నల్లటి పొగ చూసి జనం ఇంజను బలంగా ఉందనుకుంటారట. నల్లపొగ వస్తే ఫైర్‌మ్యాన్ బొగ్గు కుప్ప పోసినట్టు, సగం మండకుండా పోతున్నట్టు. లేత బూడిద రంగులో సన్నగా వస్తుంటే పని సరిగ్గా సాగుతున్నట్టు. ఫొటోల కోసం నల్లపొగ అడుగుతారని అక్కడి కుర్రాడు చెబితే నాన్నగారికి బాధ కలిగింది.

---

లెక్కల మనిషి | జయపురం

పెద్దాయన మాట రెండుసార్లు చదివాను. పని నేర్పేవాడు, నేర్చుకునేవాడు ఉండాలంటే ఎక్కడో ఒక షెడ్డులో నిప్పు ఆరకూడదు. ఈ సంగతి నేను ఆలోచించలేదు. రేవాడిలో కాల్చే బొగ్గును వృథా ఖర్చుగా లెక్కవేశాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. అయినా డబ్బు తక్కువ ఉన్నవాళ్లకు ఊటీయే చెబుతాను, అందులో మార్పు లేదు.

ఒక ప్రశ్న. మన దేశంలో బ్రాడ్‌గేజ్ మీద చివరి ఆవిరి బండి 1995 డిసెంబరులో నడిచిందని చదివాను. ఆ ఇంజను ఏమైంది?

---

రాయగడ జంక్షను | రాయగడ

రేవాడిలోనే ఉంది. డబ్ల్యూఎల్ 15005, 'షేర్-ఎ-పంజాబ్'. ఫిరోజ్‌పూర్–జలంధర్ మార్గంలో 1995 డిసెంబరు 6న నడిచిన బండి దానిదే. అంటే అప్పుడు ఇరవై ఏళ్ల వయసులో పార పట్టిన చివరి ఫైర్‌మ్యాన్‌కు కూడా ఇప్పుడు యాభై దాటి ఉంటాయి. మన నౌపడ లైను వాళ్లు అంతకంటే పెద్దవాళ్లు. అందుకే నా మనవి ఒకటి. పర్లాకిమిడిలో, గుణుపురంలో, పాతపట్నంలో, టెక్కలిలో ఆ లైనులో పని చేసిన వాళ్లు ఇంకా ఎవరైనా ఉంటే వాళ్ల దగ్గర కూర్చుని ఫోనులో రికార్డు చేయండి. ఏ స్టేషనులో నీళ్లు పట్టేవారు, బొగ్గు ఎక్కడ ఎక్కించేవారు, వానాకాలంలో పట్టాలు జారితే ఏం చేసేవారు. తెలుగులో చెప్పినా, ఒడియాలో చెప్పినా, సవరలో చెప్పినా సరే. ఈ వేసవి దాటనివ్వకండి.

---

వంశధార కుర్రవాడు | గుణుపురం

నాకు 22 ఏళ్లు. చిన్న రైలు ఆగిపోయేటప్పటికి నేను ఉయ్యాలలో ఉన్నాను. మా తాతగారు ఆ లైనులో గార్డుగా చేశారు, నేను పుట్టకముందే పోయారు. ఈ చర్చ మా అమ్మకు చూపిస్తే అటక మీద తాతగారి చేతి దీపం ఉందని చెప్పింది. ఇప్పుడే దించాం. మూడు వైపులా గాజులు, ఒకటి ఎరుపు, ఒకటి ఆకుపచ్చ, ఒకటి తెలుపు. పైన పట్టుకునే కడియం. లోపలంతా మసి. అడుగున ఏవో అంకెలు చెక్కి ఉన్నాయి, నాకు తెలియలేదు.

మామయ్య గారిని రెండు విషయాలు అడగాలని ఉంది. ఒకటి, ఊగుతున్న ఇంజనులో పారతో బొగ్గు సరైన చోట వేయడం ఎలా నేర్చుకున్నారు? రెండోది, ఆయనకు మా తాతగారు తెలిసి ఉంటారా?

---

మహేంద్రతనయ ఒడ్డున | పర్లాకిమిడి

బాబూ, మీ తాతగారి పేరు ఇక్కడ రాయవద్దు, నాకు విడిగా పంపించు.

పార సంగతి ఆయన లేచి నిలబడి చూపించారు, చేతిలో మా అమ్మ చీపురు పట్టుకుని. ఎడమ కాలు ముందుకు, మోకాలు కొంచెం వంచి. చేతులతో విసరకూడదు, నడుముతో తిప్పాలి. పార తలుపు అంచుకు తగలగానే మణికట్టు ఒకవైపు తిప్పితే బొగ్గు ఆ మూలకు పోతుంది, రెండోవైపు తిప్పితే ఈ మూలకు. మూలల్లో ఎక్కువ, మధ్యలో తక్కువ, వెనక మూలలు ఎప్పుడూ మరవకూడదు. నాలుగైదు పారలు వేసి తలుపు మూయాలి, మళ్లీ చూసి మళ్లీ వేయాలి. కొంచెం కొంచెంగా, తరచుగా. తలుపు తెరిచి ఉంచితే చల్లగాలి పోయి గొట్టాలు పాడవుతాయి. మొదటి నెలంతా సగం బొగ్గు కాళ్ల మీదే పడిందట. సీనియరు ఒక్క మాట అనలేదట, చీపురు మాత్రం చేతికిచ్చేవారట.

టిఫిను క్యారియరు బాయిలర్ ముందు అరుగు మీద పెట్టుకుంటే గుణుపురం చేరేదాకా అన్నం వేడిగా ఉండేదని కూడా చెప్పారు. ఇది అడగకుండా చెప్పిన సంగతి.

నీ రెండో ప్రశ్నకు జవాబు పేరు చూశాక చెబుతానన్నారు.

---

వంశధార కుర్రవాడు | గుణుపురం

పేరు పంపించాను. ఆదివారం పర్లాకిమిడి రాగలను. దీపం తీసుకురమ్మంటారా? అమ్మ దాన్ని చింతపండుతో తోమి మెరిపిస్తానంటోంది.

---

మహేంద్రతనయ ఒడ్డున | పర్లాకిమిడి

పేరు చదవగానే నాన్నగారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. తెలుసట. మిగతాది నీకే ఎదురుగా చెబుతానన్నారు.

ఆదివారం పది గంటలకు రా. అమ్మగారిని కూడా తీసుకురా, భోజనం మా ఇంట్లోనే. దీపం తప్పకుండా తీసుకురా. తోమవద్దని అమ్మగారికి చెప్పు. మసితో సహా కావాలన్నారు.